ఈగల డాక్టరు

మా ఊళ్లో నన్ను ఈగల డాక్టరు అంటారు. ఆ పేరు పెట్టింది మా బాబాయి. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో సెలవులకి ఇంటికి వెళ్తే, అరుగు మీద కూర్చోబెట్టి "ఇంతకీ అక్కడ ఏం చేస్తావమ్మా?" అని అడిగాడు. అరటిపళ్ళు బాగా మగ్గితే చుట్టూ ముసురుతాయే సన్నటి ఈగలు, వాటిని సీసాల్లో పెంచుతామని చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, "ఈగల్ని తోలడానికి మనిషిని పెట్టుకోవడం చూశాగానీ, పెంచడానికి జీతమివ్వడం ఇదే వినడం" అని పడీ పడీ నవ్వాడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఆయన అనుమానం ఆయనది. మా వైపు మామిడి తోటలున్న వాళ్ళకి పండు ఈగ అంటే కాయకి కన్నం పెట్టి గుడ్లు పెట్టే దొంగ. "పెంచడం సరే, దాన్ని చంపే మందు కనిపెట్టవే ముందు" అన్నాడు. అది వేరు బాబాయ్, ఇది వేరు, ఇది కుళ్ళిన పండు మీద పెరిగే ఈస్టు తిని బతుకుతుంది, ఎవరి కాయా పాడుచెయ్యదు అని చెప్పాను. "మరి దానితో ఏం ఉపయోగం?" అన్నాడు. ఈ ప్రశ్న నన్ను మా గైడుగారు కూడా ఇంటర్వ్యూలో అడిగారు. ఆయనకి చెప్పిన జవాబు బాబాయికి పనికిరాలేదు.

గైడుగారికి చెప్పింది ఇది. 1910లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గన్ అనే ఆయన, పాల సీసాల్లో పెంచుతున్న ఎర్రకళ్ళ ఈగల మధ్య ఒక తెల్లకళ్ళ ఈగని చూశాడు. జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని తేలడానికి ఆ ఒక్క ఈగ దారి చూపించింది. 1933లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గుడ్డు పెట్టిన పది రోజులకి ఈగ తయారవుతుంది, రెండు మూడు నెలలు బతుకుతుంది. మనుషుల జబ్బులకి కారణమని తెలిసిన జన్యువుల్లో దాదాపు 75 శాతానికి దానిలో సాటి జన్యువు ఉంది. ముసలితనాన్ని, చావునీ ఒక విద్యార్థి తన ఫెలోషిప్పు గడువులోపల చూడగలగాలంటే ఇంతకన్నా మంచి ప్రాణి దొరకదు.

బాబాయికి మాత్రం పొయ్యి ఉదాహరణ చెప్పాను. మనం తిన్న అన్నం ఒంట్లో మండాలంటే గాలిలో ఉన్న ఆక్సిజన్ కావాలి. దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలున్నాయి. కట్టెల పొయ్యి మండితే అన్నం ఉడుకుతుంది, కానీ మధ్య మధ్యలో నిప్పురవ్వలు ఎగురుతాయి. తాటాకు పాకలో పొయ్యి అయితే ఆ రవ్వలే ప్రమాదం. కణంలో కూడా అంతే. ఆక్సిజన్‌కి అందవలసిన ఎలక్ట్రాన్లలో కొన్ని దారి తప్పి, సూపరాక్సైడ్ అనే రవ్వలవుతాయి. అవి ప్రోటీన్లనీ, కొవ్వు పొరల్నీ, డీఎన్‌ఏనీ పాడుచేస్తాయి. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. అందుకే ప్రతి పొయ్యి దగ్గరా కాపలా ఉంటుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము రవ్వని పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అది కూడా మంచిది కాదు, ఇనుము తగిలితే మొదటిదానికన్నా పెద్ద రవ్వ అవుతుంది. కాబట్టి పక్కనే కాటలేజ్ అనే రెండో ఎంజైము దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. "దెబ్బ తగిలినప్పుడు ఆసుపత్రిలో ఒక మందు పోస్తే తెల్లగా నురగ వస్తుంది చూడు, అది హైడ్రోజన్ పెరాక్సైడే. ఆ నురగ మన రక్తంలోని కాటలేజ్ చేసే పనే" అన్నాను. అది బాబాయికి బాగా నచ్చింది. "అయితే నువ్వు ఈగల ఫైర్ ఇంజన్ డిపార్టుమెంటన్నమాట" అన్నాడు.

ఈ కాపలా సంగతి బయటపడి ఎంతో కాలం కాలేదు. పశువుల రక్తంలో రాగి ఉన్న ఒక ప్రోటీను ఉందని 1938లోనే తెలుసు, అదేం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. 1969లో డ్యూక్ యూనివర్సిటీలో మెకార్డ్, ఫ్రిడొవిచ్ అనే ఇద్దరు దాని పని సూపరాక్సైడ్‌ని ఆర్పడమేనని చూపించారు. ఆ ఎంజైము లేకపోతే ఏమవుతుందో ఈగలు చెప్పాయి. 1989లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్ళు, కణద్రవంలో ఉండే ఆ ఎంజైము బొత్తిగా లేని ఈగల గురించి ప్రకటించారు. అవి పుట్టాయి, పెరిగాయి. కానీ ఆయుష్షు బాగా తగ్గిపోయింది, మగవాటికి సంతానం కలగలేదు. మైటోకాండ్రియా లోపల ఉండే రెండో రకం లేని ఈగలైతే గూడు చీల్చుకుని బయటికొచ్చాక ఒక్క రోజు కూడా గడవలేదు. ఆ సంగతి 2003లో తెలిసింది.

గ్వెల్ఫ్ ఈగలకి ఇంకో లోపం కూడా ఉంది. ఆరోగ్యమైన ఈగలు తట్టుకునేంత తక్కువ పారాక్వాట్‌కి కూడా అవి చచ్చిపోయేవి. అప్పటినుంచీ ఇప్పటిదాకా, ఏ ఈగ ఒత్తిడిని ఎంత తట్టుకుంటుందో చూడాలంటే ప్రపంచంలో చాలా ల్యాబుల్లో పెట్టే పరీక్ష అదే. చక్కెర నీళ్ళలో పారాక్వాట్ కలిపి, అందులో ముంచిన వడపోత కాగితాన్ని గాజు గొట్టంలో పెట్టి, గొట్టానికి ఇరవై ఈగల చొప్పున వదులుతాం. పన్నెండు గంటలకోసారి లెక్క రాస్తాం. గొట్టాన్ని బల్లకేసి తడితే మంచి ఈగ గబగబా పైకెక్కుతుంది. మందెక్కిన ఈగ సగం ఎక్కి జారుతుంది. తర్వాత కాళ్ళు మాత్రమే ఆడిస్తుంది. తర్వాత అదీ ఉండదు. ఎంజైము ఎక్కువ తయారయ్యేలా చేసిన ఈగలు ఇంకో రోజో, రెండు రోజులో నిలబడతాయి. నా థీసిస్‌లో సగం ఆ ఒకటి రెండు రోజుల గురించే.

పారాక్వాట్ అంటే మా ఊళ్లో గడ్డి మందు. పత్తి సాళ్ళ మధ్య కొడతారు. పొద్దున కొడితే సాయంత్రానికి గడ్డి వాడిపోతుంది. ఎండ ఎంత ఉంటే అంత తొందరగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆకు వెలుతురుతో తయారుచేసుకునే ఎలక్ట్రాన్లనే అది దొంగిలించి ఆక్సిజన్ చేతిలో పెడుతుంది. అలా సూపరాక్సైడ్ పుడుతుంది. వెలుతురు లేని జంతువు ఒంట్లో కూడా అది చేసేది ఇదే పని, ఎలక్ట్రాన్ని తీసుకునే చోటు మాత్రం వేరు. దానికి మా మిర్చి యార్డు దళారీ బుద్ధి. ఒకడి దగ్గర తీసుకుని ఇంకొకడికి ఇస్తుంది, తను మాత్రం అరగదు, తరగదు. ఇచ్చేశాక మళ్ళీ మొదటి రూపంలోకి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్ కోసం చెయ్యి చాపుతుంది. ఒక్క అణువు ఇలా ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కలేదు. కాపలా ఎంజైములు ఆర్పుతూనే ఉంటాయి, అది అంటిస్తూనే ఉంటుంది. చివరికి కణం దగ్గరున్న సరుకు అయిపోతుంది.

ఒక సంక్రాంతికి బాబాయితో పొలం వెళ్ళాను. మోటారు షెడ్డులో గూటిలో కూల్‌డ్రింక్ సీసా కనబడింది. సగం ఉంది. ఇదేంటని అడిగితే, మిగిలిన గడ్డి మందని చెప్పాడు. డబ్బా మూత పగిలి కారుతుంటే ఇందులో పోశాడట. వాసన చూసి గుర్తుపట్టి, "బాబాయ్, ఇదే మేం ఈగలకి పెట్టేది!" అన్నాను. నాకు ఆశ్చర్యం, ఆయనకి నవ్వు. "చూశావా, నీ పీహెచ్‌డీ మన షెడ్డులోనే ఉంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకుని వచ్చేశాం.

ల్యాబులో నేను చేతికి తొడుగుల్లేకుండా ఆ మందు ముట్టుకోను. వేలెడంత గొట్టం మీద కూడా పేరు, తేదీ, ఎంత గాఢతో రాస్తాను. రాయని గొట్టం దొరికితే జూనియర్ల మీద కేకలేస్తాను. ఆ రోజు షెడ్డులో ఆ సీసా చూసి ఒక్క మాట అనలేదు.

2022 వానాకాలంలో, చీకటి పడ్డాక మోటారు ఆపడానికి వెళ్ళిన బాబాయి, దాహమేసి ఆ గూటిలో చెయ్యి పెట్టాడు. తను పెట్టుకున్న మంచినీళ్ళ సీసా అనుకున్నాడు. నోట్లో పోసుకోగానే తెలిసి ఉమ్మేశాడు, కానీ ఒక గుక్క దిగిపోయింది. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. మజ్జిగ తాగి పడుకున్నాడు. పొద్దున గొంతు మండుతోందన్నాడే గానీ, లేచి తిరిగాడు, పశువులకి మేత వేశాడు. పది గంటలకి మా నాన్న ఫోన్ చేసి, "ఏం లేదులే, బాబాయి రాత్రి పొరపాటున గడ్డి మందు ఒక గుక్క మింగాడంట. నీకు ఆ మందు తెలుసు కదా, ఏమన్నా అవుతుందా?" అని అడిగాడు.

నాకు తెలుసు కదా. ఫోన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నానో తెలియదు. ఇప్పుడే బండెక్కించండి, కారు మాట్లాడండి, ఎంతైనా పర్లేదు అన్నాను. నాన్నకి నా గొంతు అర్థం కాలేదు. "మనిషి బాగానే ఉన్నాడే, ఇక్కడే కూర్చున్నాడు" అన్నాడు. ఈ మందు చేసే మోసం అదే. మొదటి రోజు మనిషి మామూలుగా ఉంటాడు. మట్టి రేణువులకి ఇది గట్టిగా అతుక్కుంటుంది. అందుకే తాగిన వెంటనే ఆసుపత్రికి చేరితే బొగ్గు పొడి గానీ, మన ఆడవాళ్ళు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి లాంటిది గానీ పట్టించి, పేగుల్లో ఉన్నంతవరకూ పట్టుకోవాలని చూస్తారు. ఆ అవకాశం మొదటి కొన్ని గంటలే. బాబాయి ఆ గంటలన్నీ నిద్రపోయాడు.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చావా ఈగల డాక్టరమ్మా" అన్నాడు. రెండో రోజుకి నోరంతా పుండ్లు. మూడో రోజుకి ఒంటేలు తగ్గింది, డయాలసిస్ మొదలుపెట్టారు. అయిదో రోజు మెట్లెక్కిన మనిషిలా ఆయాసం. ఊపిరితిత్తుల్లో కొన్ని కణాలకి పాలీఅమీన్లనే పదార్థాలని లోపలికి లాక్కునే ద్వారాలుంటాయి. పారాక్వాట్ ఆకారం వాటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఆ కణాలు దీన్ని కూడా పనిగట్టుకుని లాక్కుంటాయి. రక్తంలో తగ్గిపోయాక కూడా ఊపిరితిత్తుల్లో పేరుకుంటూనే ఉంటుంది. ఇవన్నీ నేను కాగితాల మీద చదివినవి, సెమినార్లలో చెప్పినవి.

ఆ రోజే మా నాన్న డ్యూటీ డాక్టరు మీద అరిచాడు. వేలికి పెట్టిన మిషన్ 88 చూపిస్తోంది. 2021లో మా బంధువుల్లో ఇద్దరిని కోవిడ్‌లో పోగొట్టుకున్నవాళ్ళం. సిలిండరు కోసం రాత్రంతా తిరిగినవాళ్ళం. 88 అంటే ఏమిటో ఇంట్లో చదువురాని వాళ్ళకి కూడా తెలుసు. "గాలి కూడా పెట్టరా? అంత డబ్బు కట్టించుకుని గాలి కూడా పెట్టరా?" అని నాన్న అరుస్తుంటే, ఆ కుర్ర డాక్టరు నా వైపు చూశాడు. నాన్నని బయటికి తీసుకెళ్ళి నేనే చెప్పవలసి వచ్చింది. మందు లోపలే ఉంది నాన్నా. అది ఆక్సిజన్‌ని నిప్పుగా మారుస్తోంది. మనం ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే మంటకి గాలి ఊదినట్టే, ఊపిరితిత్తులు ఇంకా తొందరగా కాలిపోతాయి. తప్పనిసరి అయ్యేదాకా పెట్టకపోవడమే వైద్యం.

నాన్న నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లగా, "నీ ఈగలకి ఏదో ఉంటుందన్నావుగా, కాపలా. అది తెచ్చి ఎక్కించరా?" అన్నాడు.

ఆ ప్రశ్నని నేను నా ఫీల్డులో ఎవరి దగ్గరా అంత సూటిగా వినలేదు. ఆ ఎంజైములు ప్రోటీన్లు. కణం లోపల, తన జన్యువుల్ని చదువుకుని కణమే తయారుచేసుకోవాలి. మింగితే పప్పులా అరిగిపోతాయి. ఈగకైతే గుడ్డుగా ఉన్నప్పుడే అదనపు జన్యువు పెట్టేస్తాం. బాబాయికి విటమిన్ సి ఇచ్చారు, ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇచ్చారు, స్టెరాయిడ్లు ఇచ్చారు. ఇవన్నీ ప్రయత్నాలే. దీనికి రుజువైన విరుగుడంటూ లేదు.

అసలు ఆ కాపలాకి ఉన్న హద్దులు కూడా ఈగలే చెప్పాయి. ముసలితనానికి కారణం ఈ రవ్వలేనని 1956లో డెన్హామ్ హార్మన్ సిద్ధాంతం చెప్పాడు. 1994లో ఓర్, సోహాల్ రెండు ఎంజైముల్నీ పెంచిన ఈగలు మూడోవంతు దాకా ఎక్కువ కాలం బతికాయని ప్రకటిస్తే, చావుకి మందు దొరికినట్టే అనిపించింది. అదే బృందం 2003లో మళ్ళీ ప్రకటించింది. మొదట వాడిన ఈగల ఆయుష్షు మామూలుగానే తక్కువ. బాగా బతికే జాతి ఈగల్లో అవే ఎంజైముల్ని పెంచి చూస్తే అదనంగా ఏమీ కలిసిరాలేదు. తమ మాటని తామే సరిదిద్దుకున్న ఆ పేపరు నాకు చాలా ఇష్టం. కాపలా లేకపోతే ఇల్లు కాలిపోతుంది. అలాగని గుమ్మానికి పదిమందిని నిలబెడితే ఇల్లు ఎల్లకాలం నిలవదు. ఇక ఎవరో లోపల కూర్చుని ఆపకుండా అగ్గిపుల్లలు గీస్తుంటే, ఎంత కాపలా ఉన్నా సరిపోదు. అప్పుడు అడగవలసింది కాపలా గురించి కాదు, అగ్గిపెట్టె ఇంట్లోకి ఎలా వచ్చిందని. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి పారాక్వాట్‌కి అనుమతి లేదు. దక్షిణ కొరియా 2012లో అమ్మకాలు ఆపేశాక, పురుగుమందుల వల్ల చనిపోయే వాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. ఆ మరణాలు తగ్గించింది ఏ ఎంజైమూ కాదు.

ఎనిమిదో రోజు ఇక ఆయాసం చూడలేక, కాస్త సుఖంగా ఉంటుందని ఆక్సిజన్ పెట్టారు. ఆ మాస్కు పెడుతుంటే దాని అర్థం మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నాన్న "హమ్మయ్య, పెట్టారు" అన్నాడు. నేనూ తలూపాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున బాబాయి పోయాడు. ఆ రోజుల్లో నా నోటుబుక్కు తెరిచి చూస్తే, నాకు తెలియకుండానే గీతలు కొట్టి ఉంది. క్రియాటినిన్, ఆక్సిజన్, ఒంటేలు, పన్నెండు గంటలకోసారి. ఈగల పేజీ ఎలా ఉంటుందో అలాగే.

పెద్దకర్మ రోజు వసారాలో అరటి గెల వేలాడదీశారు. బాగా మగ్గింది. దాని చుట్టూ సన్నటి ఈగలు. వంటమనిషి తువ్వాలుతో తోలుతుంటే, ఎవరో పిల్లవాడు "అక్కా, నీ ఈగలొచ్చాయి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను షెడ్డుకి వెళ్ళాను. ఆ సీసాని నాన్న అప్పటికే తీసేశాడు. కానీ గూట్లో ఇంకో రెండు సీసాలున్నాయి, రెండింటికీ పేరు లేదు. జేబులో ల్యాబు మార్కరు ఉంది. రాయబోయి ఆగాను. కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి చదువు రాదు. రాసిన పేరు చీకట్లో చదువొచ్చిన వాళ్ళకి కూడా కనపడదు. బజారుకెళ్ళి తాళమున్న ఇనప పెట్టె కొని, మందులన్నీ అందులో పెట్టి, తాళంచెవి నాన్నకిచ్చాను. మంచినీళ్ళ సీసా షెడ్డులోనే పెట్టొద్దన్నాను. సంక్రాంతికి అనవలసిన మాట.

నెల తర్వాత ల్యాబుకి వచ్చాను. గైడుగారు, కావాలంటే వేరే పని చేద్దువుగాని అన్నారు. కొన్నాళ్ళు ఈగల తిండి వండే పని మాత్రమే చేశాను. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, అగర్, అడుగంటకుండా కలుపుతూ నిలబడడం. తర్వాత పారాక్వాట్ పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే గొప్ప జవాబేమీ లేదు. పిన్ని అడిగిన ఒక మాట ఉంది.

ఆ సంక్రాంతికి పిన్ని నా పక్కన కూర్చుని, ఇన్నేళ్ళలో మొదటిసారి నా పని గురించి అడిగింది. "ఆ మందు పెడితే నీ ఈగలు బతుకుతాయా?"

"బతకవు పిన్నీ. కొన్ని మాత్రం మిగతావాటికన్నా ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంటాయి."

ఇంతేనా అంటుందని అనుకున్నాను. బాబాయి ఉంటే అనేవాడు, అని నవ్వించేవాడు. పిన్ని కాసేపు వాకిలి వైపు చూసింది. వాళ్ళ పెద్దవాడు దుబాయ్‌లో పనిచేస్తాడు. సెలవు దొరికి, టికెట్టు దొరికి, ఊళ్లోకి వచ్చేసరికి దహనమైపోయి మర్నాడయింది.

"రెండు రోజులంటే తక్కువేం కాదమ్మా" అంది.